చెరువు అడుగున పుప్పొడి



పాలకుర్తి సోమేశ్వరస్వామి గుట్ట ఎక్కినవాళ్ళకు చుట్టూ ఏం కనిపిస్తుందో మీకు తెలుసు. బండరాళ్ళ గుట్టలు. గుట్టల నడుమ వరి మడులు, పత్తి చేన్లు. గట్ల వెంట తాటి చెట్లు. అక్కడక్కడ చెరువు కట్టలు. మరి ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇదే గుట్ట మీద నిలబడ్డ మనిషికి ఏం కనిపించి ఉంటుంది? పాల్కురికి సోమనాథుడి ఊరిది. ఆ కవి కాలంలో ఈ గుట్టల మీద ఏ చెట్లు ఉండేవి? వానలు ఇప్పటికంటే ఎక్కువా, తక్కువా?

శాసనాలను అడిగితే రాజు పేరు చెప్తాయి. దానమిచ్చిన భూమి హద్దులు చెప్తాయి. చెరువు కట్టించినవాళ్ళ వంశం చెప్తాయి. ఆ ఏడు వాన ఎంత పడిందో చెప్పవు. గుట్ట మీద మద్ది ఉందో, టేకు ఉందో, ఉత్త గడ్డే ఉందో చెప్పవు.

ఆ సంగతి చెప్పగలిగేది పుప్పొడి. అవును, పువ్వు ముట్టుకుంటే వేలికి అంటుకునే ఆ పసుపుపచ్చ పొడే. అందులో ఒక్క రేణువు మన కంటికి ఆనదు. ఒక మిల్లీమీటరులో వందో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది దాని సైజు. కానీ దాని పై పొర ఉందే, అది ప్రకృతిలో అత్యంత గట్టి పదార్థాల్లో ఒకటి. స్పోరోపొల్లెనిన్ అంటారు. ఆమ్లాలకు కరగదు. పువ్వు వాడిపోతుంది, ఆకు కుళ్ళిపోతుంది, కొమ్మ మట్టిలో కలిసిపోతుంది. పుప్పొడి రేణువు పై పొర మాత్రం అట్లాగే మిగులుతుంది.

ఎన్నాళ్ళు మిగులుతుందంటారా? భూపాలపల్లికి వెళ్ళండి. అక్కడ సింగరేణి గనుల్లో తవ్వుతున్న బొగ్గు గోదావరి లోయలో పాతికకోట్ల ఏళ్ళకు ముందటి అడవుల అవశేషం. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు పెరిగిన కాలమది. అప్పటికి భూమి మీద మనిషి లేడు, డైనోసార్లు కూడా లేవు. ఈ లోయ బొగ్గు పొరల నుంచి ఆ చెట్ల పుప్పొడిని శాస్త్రవేత్తలు ఇవాళ కూడా వేరుచేసి చూస్తున్నారు. ఒక్కో రేణువుకు రెండు పక్కలా రెండు గాలి తిత్తులు. గాలిలో తేలడానికి ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. చెట్లు పూర్తిగా అంతరించిపోయాయి. తిత్తులు మిగిలాయి.

అయితే ఒక షరతుంది. ఈ ప్రసంగంలో ఇంకొకటి రెండుసార్లు వినిపించే మాట ఇది. పుప్పొడి మిగలాలంటే తడి ఉండాలి, గాలి తగలకూడదు. నీళ్ళ అడుగున, గాలి చొరని బురదలో పడ్డ రేణువు వేల ఏళ్ళు ఉంటుంది. అదే బురద ఎండి, నెర్రెలు విచ్చి, గాలికీ ఎండకూ బయటపడిందంటే ఆ గట్టి పొర కూడా చివికిపోతుంది.

ఇంకో గుణం సంగతి. ఏ మొక్క పుప్పొడి రూపం ఆ మొక్కదే. బతుకమ్మ పేర్చే పూలనే తీసుకోండి. గునుగు, బంతి, తంగేడు. గునుగు పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రటి రేణువు, ఒంటినిండా చిన్న చిన్న రంధ్రాలు. ఎటు తిప్పినా రంధ్రాలే. బంతిపూల పుప్పొడికి ఒంటినిండా ముళ్ళు. తంగేడుది నున్నగా, పొడవాటి గాళ్ళతో ఉంటుంది. గడ్డి జాతిదైతే గుండ్రంగా, నున్నగా, ఒకే ఒక్క రంధ్రంతో ఉంటుంది. వరి, జొన్న, మక్కజొన్న అన్నీ గడ్డి జాతే. వాటిలో మక్కజొన్న రేణువు బాగా పెద్దది కాబట్టి మిగతావాటి నుంచి తేలిగ్గా విడిపోతుంది. మక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. పదహారో శతాబ్దం నుంచే అది మన దేశంలో పాకింది. కాబట్టి బురదలో ఒక పొరలో మక్కజొన్న పుప్పొడి కనిపించిందంటే, ఆ పొర కాకతీయుల కాలానిది కాదని వెంటనే చెప్పేయవచ్చు.

తంగేడు సంగతి మరీ విచిత్రం. దాని పుప్పొడి గాలికి రాలదు. కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి. తుమ్మెద వచ్చి పువ్వును గట్టిగా పట్టుకుని రెక్కల కండరాలతో ఝుమ్మని వణికిస్తే, అప్పుడు ఆ రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్ముతుంది. అంటే చెలకనిండా తంగేడు విరగబూసినా పక్కనున్న చెరువు బురదలో దాని జాడ దాదాపుగా ఉండదు. మరి తెలంగాణ చెరువుల్లోకి తంగేడు పుప్పొడి ఎట్లా చేరుతుంది? ఆడవాళ్ళ చేతుల మీదుగా. ఏటా సద్దుల బతుకమ్మ నాడు తంగేడు పూలు గంపలకొద్దీ చెరువులోకి వెళ్తాయి. తుమ్మెద కోసం మొక్క దాచుకున్న పుప్పొడి, పండుగ పుణ్యమా అని చెరువు అడుక్కి దిగుతుంది. రేపెవరైనా మన చెరువు బురదను పరీక్షించి తంగేడు రేణువులను చూస్తే, అది అడవి లెక్కా, పండుగ లెక్కా అని తప్పకుండా ఆలోచించాల్సి ఉంటుంది.

మోదుగుది కూడా ఇదే తంతు. దాని పూల దగ్గరికి పక్షులు వస్తాయి కాబట్టి అది గాలిని నమ్ముకోలేదు. ఫాల్గుణంలో గుట్ట గుట్టంతా ఎర్రగా కనిపించినా బురదలో దాని వాటా చాలా తక్కువ. గడ్డి అట్లా కాదు. గాలిలోకి విచ్చలవిడిగా పుప్పొడి వదులుతుంది. అందుకని లెక్కలో సగం గడ్డి ఉంటే నేలలో సగం గడ్డి ఉందని అర్థం కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఇవాళ్టి అడవిలో ఇవాళ్టి పైమట్టిని తీసి చూస్తారు. కళ్ళెదురుగా ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో, మట్టిలో వాటి పుప్పొడి ఎంత పడిందో రెండూ పోల్చుకుంటారు. ఆ పోలిక చేతిలో పెట్టుకునే పాత బురద దగ్గరికి వెళ్తారు.

పుప్పొడిని లెక్కపెట్టి గతాన్ని చెప్పవచ్చని 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ వాన్ పోస్ట్ ఒక సభలో చూపించారు. అప్పటి క్రిస్టియానియా, అంటే ఇప్పటి ఓస్లో నగరంలో జరిగింది ఆ సభ. స్వీడన్ బురద నేలల్లో లోతుకు వెళ్ళేకొద్దీ ఏ చెట్టు పుప్పొడి పెరుగుతున్నది, ఏది తగ్గుతున్నది అని గీతలు గీసి చూపించారాయన. ఇప్పటికీ అదే పద్ధతి.

దానికి కొండలు బాగా పనికొస్తాయి. ఎందుకో చూడండి. కొండ ఎక్కుతుంటే ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద ఒక రకం అడవి, నడుమ ఇంకో రకం, పైన గడ్డి. కాలం చల్లబడితే పైన ఉండాల్సిన గడ్డి కిందికి దిగుతుంది. వేడెక్కితే కిందున్న చెట్లు పైకి ఎక్కుతాయి. కొండ నడుమ ఒక సరస్సు ఉందనుకోండి. ఆ చెట్లు దాన్ని దాటి పైకెక్కినా, కిందికి దిగినా సరస్సు బురదలో పడే పుప్పొడి మారిపోతుంది. దక్షిణ అమెరికాలో బొగోటా నగరం ఉన్న ఎత్తైన మైదానం ఒకప్పుడు సరస్సు. డచ్ శాస్త్రవేత్త థామస్ వాన్ డెర్ హామెన్, ఆయన వెంట హెన్రీ హూగీమ్‌స్ట్రా అక్కడ మూడు వందల మీటర్లకు పైగా లోతు నుంచి బురద తీశారు. ఇవాళ అక్కడి కొండల మీద చెట్లు మూడు వేల మీటర్ల పైదాకా ఉంటాయి. మంచుయుగంలో అవి రెండు వేల మీటర్ల దగ్గరే ఆగిపోయాయని ఆ పుప్పొడి చెప్పింది. అడవి హద్దు వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగిందన్నమాట.

మనకు దగ్గరలో అట్లాంటి చోటు నీలగిరులు. ఊటీ చుట్టూ రెండు వేల మీటర్ల ఎత్తున, కొండల నడుమ పల్లాల్లో, ఏడాది పొడుగునా తడారని నల్లటి బురద నేలలున్నాయి. గడ్డీ ఆకులూ కుళ్ళకుండా పొర మీద పొర పేరుకున్న నేల అది. తడి ఉంది, గాలి తగలదు. షరతు గుర్తుంది కదా? ఏనుగుల మీద పరిశోధనతో పేరుపొందిన బెంగుళూరు శాస్త్రవేత్త రామన్ సుకుమార్, ఆయన తోటివాళ్ళు ఈ బురదను పరీక్షించి 1993లో నేచర్ పత్రికలో రాశారు. వాళ్ళు చూసింది పుప్పొడిని కాదు, బురదలోని కార్బన్‌ను. జొన్న, మక్కజొన్న, చెరుకు, ఎండను తట్టుకునే చాలా గడ్డి జాతులు గాలిలోని కార్బన్‌ను ఒక రకంగా పట్టుకుంటాయి. వరి, వేప, చింత, అడవి చెట్లన్నీ ఇంకో రకంగా పట్టుకుంటాయి. ఆ తేడా మట్టిలో కూడా మిగిలిపోతుంది. ఇరవై వేల ఏళ్ళ కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు నీలగిరుల్లో వానలు తగ్గి గడ్డే రాజ్యమేలిందని, తర్వాత వానలు బలపడి చెట్లు పెరిగాయని ఆ బురద చెప్పింది.

నీలగిరుల సంగతి సరే, మన సంగతి ఏమిటి?

మన దగ్గర చెరువులకు కొదవ లేదు. కానీ వైశాఖం వచ్చేసరికి చాలా చెరువుల్లో నీళ్ళు అడుగంటుతాయి. శిఖం నేల నెర్రెలు విచ్చుతుంది. గొర్లు, బర్లు దాని మీదే మేస్తాయి. పూడిక తీసి బండ్లకెత్తి చేన్లలో పోసుకుంటారు. రైతుకు అది బంగారం, అందులో అనుమానం లేదు. పుప్పొడికి మాత్రం అక్కడ నిలవ నీడ లేదు. తడి పోయింది, గాలి తగిలింది. అందుకే మన నేల పాత కథ కోసం శాస్త్రవేత్తలు ఎక్కడికో వెళ్ళాల్సి వచ్చింది. ఎక్కడికో కాదు, బంగాళాఖాతం అడుక్కి.

అదెట్లా జరిగిందంటే, 2006లో జోయిడెస్ రెజల్యూషన్ అనే ఓడ మన సముద్రాల్లోకి వచ్చింది. సముద్రగర్భంలో మంచులో బంధించి ఉన్న మీథేన్ గ్యాస్ ఎక్కడుందో వెతకడం దాని పని. ఆ వెతుకులాటలో గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా నీటి అడుగున, ఒక గొట్టం దింపి బురద తీశారు. ఊళ్ళో బోరు వేస్తే ముందు ఎర్రమట్టి, తర్వాత మొరం, తర్వాత రాయి వరసగా ఎట్లా బయటికి వస్తాయో, ఆ గొట్టంలో కూడా కాలం అట్లా వరసగా వచ్చింది. పైన నిన్నమొన్నటి బురద, కింద వేల ఏళ్ళ నాటిది. దానిలో ఉన్నది ఎవరి మట్టి? గోదావరి తెచ్చిన మట్టి. త్ర్యంబకం దగ్గర పడమటి కనుమల్లో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి, దారిలో ప్రాణహితనూ ఇంద్రావతినీ కలుపుకుని, కాళేశ్వరం మీదుగా భూపాలపల్లి వాగులను కూడా వెంటేసుకుని వెళ్ళిన నీళ్ళు తెచ్చిన మట్టి. మన ఎండిన చెరువుల్లో దొరకని పుప్పొడి అక్కడ దొరికింది. సముద్రం అడుగున తడికి కొదవ లేదు, గాలి తగిలే మాట లేదు.

గ్యాస్ కోసం వెళ్ళిన ఓడ దక్కను పీఠభూమి చరిత్రను తెచ్చింది. 

ఆ బురదను ముందుగా కామిలో పాంటన్, లివియూ జోసాన్ తదితరులు పరీక్షించారు. వాళ్ళు చూసింది ఆకుల మీది మైనం. వాన నీళ్ళు జారిపోయేలా ఆకు మీద మెరిసే సన్నటి పొర ఉంటుంది కదా, అది కూడా పుప్పొడిలాగే చాలాకాలం నిలుస్తుంది. 2012లో వాళ్ళు చెప్పింది ఇది. దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందట గోదావరి పరీవాహకంలో ఎండను తట్టుకునే మొక్కలు పెరగడం మొదలైంది. 1,700 ఏళ్ళ కిందట అవి ఇంకా పెరిగాయి. అంటే మన నేల ఒక్కసారిగా కాదు, మెట్లు మెట్లుగా ఎండింది.

తర్వాత 2015లో కోరలీ జోర్జీ నాయకత్వంలో ఇంకో బృందం అదే బురదలో పుప్పొడిని లెక్కపెట్టింది. అందులో పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కృష్ణమూర్తి అనుపమ, శ్రీనివాసన్ ప్రసాద్ కూడా ఉన్నారు. పదకొండు వేల ఏళ్ళ కిందటి నుంచి నాలుగు వేల రెండు వందల ఏళ్ళ కిందటి దాకా మడ అడవులు, తీరపు అడవులు బాగా విస్తరించి ఉన్నాయని వాళ్ళు చూశారు. అది మంచి వానల కాలం. ఆ తర్వాత పొడినేల మొక్కలు పెరిగాయి. ఒక బృందం ఆకు మైనం చూసింది. ఇంకో బృందం పుప్పొడి చూసింది. దారులు వేరు, చేరిన చోటు ఒక్కటే. నాలుగు వేల ఏళ్ళ కిందట వానలు తగ్గాయి.

ఈ తేదీ దగ్గర కాసేపు ఆగాలి. దాదాపు ఆ కాలంలోనే దక్కనులో మనుషులు ఒకచోట స్థిరపడి, పశువులను మేపుతూ, పంటలు పండిస్తూ ఊళ్ళు కట్టుకోవడం పెరిగింది. వానను నమ్ముకోలేని పరిస్థితి రావడమే గింజలు దాచుకునే వ్యవసాయానికి పురికొల్పి ఉండవచ్చని పాంటన్ బృందం అభిప్రాయం. అది ఊహే, కానీ తీసిపారేయదగ్గ ఊహ కాదు. అదే బురద ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ నాలుగు వేల ఏళ్ళలో గోదావరి సముద్రంలోకి మోసుకెళ్ళిన మట్టి బాగా పెరిగింది. చెట్టు పల్చబడి, దున్నకం పెరిగి, వాన దెబ్బకు నేల కోసుకుపోయింది. మన నల్లరేగడి సముద్రం అడుగున పేరుకుంది.

ఇప్పుడు కాకతీయుల చెరువులను ఈ వెలుగులో చూడండి. పాకాల, రామప్ప, లక్నవరం. వానలు దండిగా కురిసి, ఏడాదంతా వాగులు పారే నేల మీద అంత శ్రమపడి అన్ని కట్టలు పోయాల్సిన పని ఉండేది కాదు. వేల ఏళ్ళుగా ఎండుతూ వచ్చిన నేల మీద, వచ్చిన కాస్త వానను పట్టి ఆపుకోవడానికి పోసిన కట్టలవి.

ఇక ఆ పుప్పొడిని బురదలోంచి ఎట్లా తీస్తారో చెప్పుకోవాలి. చెంచాడు బురద చాలు. ముందు ఒక ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోతుంది. తర్వాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అది ఇసుకనే తినేస్తుంది, గాజును కూడా తింటుంది. అందుకని గాజు పాత్రలు వాడరు, ప్లాస్టిక్ గొట్టాలే. చర్మం మీద పడితే ఎముక దాకా వెళ్ళే ఆమ్లం కాబట్టి చేతులకు తొడుగులు, ముఖానికి అడ్డం లేకుండా దగ్గరికి పోరు. ఆ తర్వాత ఇంకో ఆమ్లపు మిశ్రమంతో కుళ్ళిన ఆకూ అలమూ పోతుంది. అన్నీ పోయాక గొట్టం అడుగున గోధుమరంగు చుక్క మిగులుతుంది. దాన్ని గ్లిజరిన్‌లో కలిపి స్లైడు మీద పెడతారు. నాలుగు వందల రెట్లు పెద్దదిగా చూపించే సూక్ష్మదర్శినిలో ఒక్కో రేణువునూ చూస్తూ పోతారు. అనుమానం వస్తే పైనున్న సన్నటి గాజు పలకను సూదిమొనతో కాస్త తాకుతారు. రేణువు పక్కకు దొర్లుతుంది. అప్పుడు వెనకవైపు రంధ్రాలు ఎన్నో లెక్కపెడతారు. ఒక్కో పొరకు కనీసం మూడు వందల రేణువులు. అట్లా పదుల పొరలు. నెలల తరబడి సాగే పని ఇది.

రేణువులతో పాటు బొగ్గు నలుసులు కనిపిస్తే అడవి కాలిందనో, పోడు కొట్టారనో అర్థం. పశువుల పేడ మీద పెరిగే ఒక రకం బూజు విత్తనాలు కనిపిస్తే అక్కడ మందలు మేశాయని అర్థం.

కనిపించిన రేణువు ఏ చెట్టుదో గుర్తుపట్టాలంటే ముందు ఇవాళ్టి చెట్ల పుప్పొడి పక్కన ఉండాలి. దక్షిణ భారతంలో ఆ పనికి జీవితం ఇచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది గణపతి తనికైమోని. పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో పుప్పొడి ప్రయోగశాలను పెంచి పెద్ద చేశారాయన. వేల మొక్కల పుప్పొడి స్లైడ్లు అక్కడ ఆయన పేరుతోనే ఉన్నాయి. 1986 సెప్టెంబరు 5న కరాచీ విమానాశ్రయంలో హైజాక్ అయిన పాన్ యామ్ విమానం మీకు గుర్తుండే ఉంటుంది. ప్రయాణికులను కాపాడుతూ నీర్జా భనోత్ ప్రాణాలిచ్చిన విమానం. తనికైమోని కూడా అందులోనే ఉన్నారు. తిరిగి రాలేదు. ఆయనకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. గోదావరి బురదలోని రేణువులను లెక్కపెట్టిన బృందంలో ఆయన పనిచేసిన సంస్థవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంతకీ మన చెరువుల మీద పూర్తిగా ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. అన్ని చెరువులూ ఒక్కటి కాదు. అడవి నడుమ ఉన్న పెద్ద చెరువుల్లో, తూము దగ్గరి లోతైన చోట బురద చాలాకాలం తడిగానే ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. పాకాల చెరువు గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిందని మనకు తెలుసు. రామప్ప చెరువు దగ్గరి గుడి శాసనం తేదీ కూడా 1213. అంటే ఆ చెరువుల అడుగున మొట్టమొదటి పొర దాదాపుగా ఏనాటిదో ముందే తెలుసు. ప్రపంచంలో చాలా సరస్సులకు ఈ సౌకర్యం లేదు. కార్బన్ పరీక్షతో వచ్చిన తేదీని శాసనంతో సరిచూసుకోవచ్చు. ఎనిమిది వందల ఏళ్ళలో మక్కజొన్న ఎప్పుడొచ్చింది, టేకు ఎప్పుడు తగ్గింది, శిఖంలో మందలు ఎప్పుడు పెరిగాయి అని అడగవచ్చు.

అడగడానికి ఆ బురద కదలకుండా ఉండాలి. 2015 మార్చిలో మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక వేల చెరువుల్లో పూడిక తీశారు. తీయాల్సిందే. చెరువు నిండాలి, చేనుకు మట్టి కావాలి. కోరేదల్లా ఒక్కటే. పాత చెరువులో జేసీబీ దింపేముందు, తూము దగ్గర లోతైన చోట నాలుగు గజాల నేలను వదిలేయండి. లేదా ముందే ఒక ప్లాస్టిక్ పైపును నిలువుగా దించి, కింది పొర కింద, పై పొర పైన ఉండేలా బురదను బయటికి తీయండి. పైపు మీద ఏది పై కొసో, ఏది కింది కొసో రాయండి. చెరువు పేరు, తేదీ రాయండి. రెండు కొసలూ గాలి చొరకుండా బిగించి, ఎండ తగలని చల్లటి చోట పెట్టండి. దగ్గరలోని విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం లేదా భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకులకు కబురు చేయండి. లక్నోలో బీర్బల్ సహానీ సంస్థ ఉంది, పుదుచ్చేరిలో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఈ పని తెలిసినవాళ్ళు ఆ రెండు చోట్లా ఉన్నారు.